ఋతుపూర్వ బాధల ప్రశ్నావళి: జపాను స్త్రీల అనుభవము మనకు నేర్పు పాఠము

(సంఘ మహిళా సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నేడు నేను మాటలాడబోవు విషయము మన సభలలో సామాన్యముగా వినబడునది కాదు. నెలసరికి ముందు కొలది దినములలో స్త్రీలకు కలుగు శారీరక మానసిక బాధలను తెలిసికొనుటకు వైద్యులు ప్రశ్నావళులను వాడుదురు. అవి తొలుత ఇంగ్లీషున పుట్టినవి. వానిని జపాను భాషలోనికి తెచ్చి, ఆ దేశపు స్త్రీల విషయమున అవి నిజము పలుకుచున్నవా లేదా యని పరీక్షించిన వృత్తాంతమును నేడు మీకు విన్నవింపదలచితిని. జపాను మనకు దూరదేశమే. కాని ఒక భాషలో పుట్టిన ప్రశ్న మరియొక భాషలో అడుగబడినప్పుడు ఏమగునను సంగతి, తరతరములుగా ఇంట నొక భాషయు వీధిలో నొక భాషయు పలుకుచున్న మనకంటె బాగుగా ఎవరికి తెలియగలదు?

మొదట ఈ బాధను గూర్చి రెండు మాటలు. 1931లో రాబర్టు ఫ్రాంకు అను అమెరికా వైద్యుడు దీనిని ఋతుపూర్వ ఉద్రిక్తత యని పేర్కొనెను. 1953లో ఇంగ్లండునందు రేమండు గ్రీను, కాథరీనా డాల్టను అను వైద్యులు, ఇది ఉద్రిక్తత యొక్కటియే కాదనియు, అనేక లక్షణముల కలయిక యనియు చెప్పి, ఋతుపూర్వ లక్షణసముదాయము అను పేరును ప్రచారమునకు తెచ్చిరి. కొందరిలో ఈ బాధ మిక్కిలి తీవ్రమై, ఇల్లు దిద్దుకొనుటకును, ఉద్యోగము చేయుటకును, పిల్లలతో మంచిగా మాటలాడుటకును వీలులేకుండ చేయును. అట్టి తీవ్రరూపమును అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో ప్రకటించిన తన వ్యాధి నిర్ణయ గ్రంథపు అయిదవ కూర్పులో ఒక ప్రత్యేక వ్యాధిగా చేర్చినది. అందు 11 లక్షణములు చెప్పబడినవి. వానిలో కనీసము 5 ఉండవలెను. ఆ యైదింటిలో ఒకటియైనను మనస్సునకు సంబంధించినదై యుండవలెను. నెలసరికి ముందు వారములో అవి కనబడి, నెలసరి మొదలైన కొలది దినములలో తగ్గి, తరువాతి వారమున దాదాపు లేకుండ పోవలెను.

ఇది స్త్రీల పెంకితనము కాదు; ఊహయు కాదు. 1998లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక ప్రసిద్ధ పరిశోధన ఈ విషయమును చక్కగా నిరూపించినది. ఈ బాధ గల స్త్రీలకును, లేని స్త్రీలకును ముందుగా అండకోశముల పనిని మందుతో ఆపి, తరువాత స్త్రీ హార్మోనులను సమానముగా ఇచ్చిరి. బాధ లేని వారికి ఏ మార్పును కలుగలేదు. బాధ గల వారికి మాత్రము దిగులు మొదలగు లక్షణములు తిరిగి కనబడినవి. అనగా దోషము హార్మోనుల కొలతలో లేదు. సహజమైన హెచ్చుతగ్గులకే కొందరి శరీరము భిన్నముగా స్పందించుచున్నదన్న మాట. ఇది తెలిసిన పిదప, ఆ దినములలో విసుగుకొను కోడలిని గాని కూతురిని గాని తప్పుపట్టు ముందు మనము ఒక క్షణము ఆలోచింపవలసి యున్నది.

అయితే చిక్కు ఒకటి కలదు. ఈ వ్యాధిని పట్టి చూపగల రక్తపరీక్ష లేదు, ఛాయాచిత్రము లేదు. జ్వరమునకు థర్మామీటరు వంటిది దీనికి ప్రశ్నయే. స్త్రీని అడుగవలెను, ఆమె చెప్పవలెను. కావున ప్రశ్నలోని మాట వంకర పోయినచో థర్మామీటరే పగిలినట్లు. బాధపడుచున్న స్త్రీ ఆరోగ్యవంతురాలని తేలవచ్చును. ఆరోగ్యవంతురాలు రోగి యని ముద్ర పడవచ్చును. అనువాదము ఇచ్చట అలంకారము కాదు. అది వైద్యములో భాగము.

ఇక జపానునకు పోదము. ఆ దేశమున నెలసరికి వైద్యులు వాడు మాట గెక్కెయి. జనులు వాడునది సెయిరి. సెయిరి యనగా శరీరధర్మము అని అర్థము, అది చాటుమాట. ‘ఆ దినము’ అని మాత్రమే చెప్పు ఆచారము కూడ ఉన్నది. ఆడపిల్ల పెద్దమనిషి యైనప్పుడు ఎఱ్ఱ చిక్కుడు గింజలతో అన్నము వండి ఇంటిల్లిపాదియు భుజించు సంప్రదాయము వారికి కలదు. మన చిమ్మిలి ఉండలు మీకు జ్ఞాపకము రాకపోవు! ఒక ప్రక్క పండుగ, మరియొక ప్రక్క మౌనము. 1947 నాటి కార్మిక ప్రమాణముల చట్టమునందే నెలసరి బాధతో పనిచేయలేని స్త్రీలకు సెలవు నిచ్చు నిబంధన చేర్చిన దేశమది. అయినను ఆ సెలవును కోరువారు అత్యల్పులు. పై యధికారిని అడుగుటకు సిగ్గు. హక్కు కాగితము మీద ఉన్నది. మాట నోటికి రాదు.

ఇట్టి చోట ప్రశ్నావళి అనువదింపవలసి వచ్చినప్పుడు మొట్టమొదటి ప్రశ్న ఏది? నెలసరిని ఏ మాటతో పిలువవలెను? వైద్యుల మాట వాడినచో కాగితము ఆసుపత్రివలె కఠినముగా నుండును. జనుల మాట వాడినచో కొందరికి చనువుగా తోచును, కొందరికి స్పష్టత చాలదు. ఒక్క పదము వద్దనే ఇంత తర్కము.

ఆ పిమ్మట భావముల చిక్కు. చిరాకునకు జపాను భాషలో ఇరాఇరా అను జంటమాట కలదు. మన చిరచిర, గిజగిజ, కలకల మాటల వంటిదే. పిల్లలకును పెద్దలకును తెలిసిన మాట. ఇట్టి మాట దొరికినచో అనువాదకునికి అదృష్టమే. కాని దిగులు విషయమున అట్లు కాలేదు. 1976లో జుంకో తనాకా మత్సుమి, ఆంథొనీ మార్సెల్లా అను పరిశోధకులు ఒక పరీక్ష చేసిరి. జపాను విద్యార్థులకు యూఉత్సు అను మాటను, అమెరికా విద్యార్థులకు దానికి సమానమని నిఘంటువు చెప్పు డిప్రెషను అను మాటను ఇచ్చి, మనస్సునకు తోచినది చెప్పుమనిరి. జపాను వారికి వాన, మబ్బు, తలనొప్పి, అలసట వంటివి తోచినవి. అమెరికా వారికి దుఃఖము, ఒంటరితనము తోచినవి. అమెరికాలో పుట్టి ఇంగ్లీషు మాటలాడు జపాను సంతతి వారు కూడ అమెరికా వారివలెనే చెప్పిరి. ఇచ్చట మీరు గమనింపవలెను. నిఘంటువులో రెండు మాటలును సమానములే. మనస్సులో మాత్రము ఒకటి ఆకాశమును, శరీరమును చూపుచున్నది. మరియొకటి లోపలి శోకమును చూపుచున్నది.

ఇంకొక చిక్కు, మూలములో లేని బాధ. జపాను స్త్రీలు కతకోరి యని భుజములు, మెడ బిగుసుకొని పోవుటను గూర్చి తఱచుగా చెప్పుదురు. మార్గరెట్ లాకు అను మానవశాస్త్రజ్ఞురాలు ముట్లుడుగు వయస్సును గూర్చి జపానులోను ఉత్తర అమెరికాలోను విచారించి 1993లో ఒక గ్రంథము ప్రకటించెను. ఉత్తర అమెరికా స్త్రీలు ప్రధానముగా చెప్పు ఒంటి ఆవిరులకు జపాను భాషలో ప్రత్యేకమైన ఒక్క మాట లేదనియు, జపాను స్త్రీలు వానికంటె ఈ భుజముల బిగువునే ఎక్కువగా చెప్పిరనియు ఆమె తెలిపెను. విదేశపు పట్టికను ఉన్నదున్నట్లు అనువదించినచో, ఆ పట్టికలో లేని బాధను స్త్రీ ఎచ్చట చెప్పుకొనగలదు? కాగితములో గడి లేదు కావున బాధయే లేదని వ్రాయుదుమా?

మరి అనువాదము సరిగా నున్నదో లేదో తెలియుట ఎట్లు? దీనికి పండితులు కొన్ని మెట్లు కట్టిరి. మొదట ఇద్దరు అనువాదకులు విడివిడిగా అనువదింపవలెను. రెండింటిని పోల్చి ఒకటిగా చేయవలెను. తరువాత, మూలమును చూడని వారు ఆ అనువాదమును తిరిగి ఇంగ్లీషులోనికి మార్చవలెను. దీనిని తిరుగు అనువాదమందురు. రిచర్డు బ్రిస్లిను అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1970లో దీనిని విపులముగా చర్చించెను. ఆ పిమ్మట వైద్యులు, భాషావేత్తలు, అనువాదకులు కలసి కూర్చుండి తేడాలను పరిష్కరింపవలెను. కడపట ముప్పది నలుబదిమంది సామాన్య జనులచేత చదివించి, ‘ఈ ప్రశ్నకు మీకేమి అర్థమైనది?’ అని అడుగవలెను. ఈ క్రమము 2000లో ఒక ప్రమాణముగా ప్రకటింపబడి లోకమంతట వాడుకలోనికి వచ్చినది.

ఇందు తిరుగు అనువాదమును గొప్పగా నమ్మువారు కలరు. కాని ఒక హెచ్చరిక. మాటకు మాట పెట్టిన మొద్దు అనువాదమే తిరుగు ప్రయాణములో సులభముగా నెగ్గును. సొగసైన, జనులకు తెలియు అనువాదము కొంత మారి తిరిగి వచ్చును. కావున కాగితము నుండి కాగితమునకు పోవు పరీక్ష చాలదు. మనుష్యుల యొద్దకు పోవలెను. కడపటి మెట్టే ముఖ్యమైన మెట్టు.

ఇంతటితో తీరలేదు. అనువాదము కుదిరిన పిదప దాని ప్రామాణ్యమును లెక్కలతో పరీక్షింపవలెను. ఇందు మూడు సంగతులు చూతురు. మొదటిది పొందిక. ఒకే బాధను గూర్చిన ప్రశ్నలకు జవాబులు ఒకే త్రోవను నడుచుచున్నవా? దీనికి లీ క్రాన్‌బాకు 1951లో చెప్పిన ఆల్ఫా అను కొలత వాడుదురు. అది 0.7కు పైబడినచో సామాన్యముగా చాలునందురు. మరీ 1కి చేరువైనచో ఒకే ప్రశ్నను పలుమార్లు అడిగినట్లని అనుమానింపవలెను. రెండవది నిలకడ. అదే స్త్రీని మరల అడిగినచో అదే జవాబు వచ్చునా? ఈ వ్యాధి విషయమున ఇది సులభము కాదు. నేడు అడిగి పదునైదు దినములకు అడిగినచో ఆమె నెలలో వేరొక ఘట్టమున నుండును. తేడా ప్రశ్నదా, శరీరముదా? కావున ఏ దినమున అడిగితిమో వ్రాసికొనుట అవసరము. మూడవది సత్యము. ప్రశ్నావళి చెప్పినదియు, స్త్రీ నిజముగా అనుభవించినదియు ఒకటేనా? దీనికి దినచర్యయే సాక్షి. ప్రతిరాత్రి ఆ దినపు బాధను అంకెతో వ్రాయు పట్టికలు కలవు. అందు ప్రసిద్ధమైనది జీన్ ఎండికాటు మొదలగువారు అమెరికాలో సిద్ధపరచినది. దాని ప్రామాణ్య పరీక్ష 2006లో వెలువడినది. బాధ లేనిచో 1, భరింపరానిచో 6 అని అందు గుర్తు పెట్టవలెను. అదే పట్టిక జపాను రూపమును అచ్చటి వైద్యులు పరీక్షించి 2021లో ఫలితములను ప్రకటించిరి.

జవాబు చెప్పు రీతిలో కూడ దేశభేదము కలదు. 1995లో ప్రకటితమైన ఒక పరిశోధనలో జపాను విద్యార్థులు అమెరికా విద్యార్థులకంటె ఎక్కువగా నడిమి గడిని ఎన్నుకొనిరి. మరియొక సంగతి. దిగులును కొలుచు ఒక ప్రశ్నావళిలో ‘నేను సంతోషముగా నుంటిని’ వంటి నాలుగు మాటలు ఉన్నవి. అవునన్నచో దిగులు లేదని లెక్క. జపాను వారు తమ సంతోషమును తామే చాటుకొనుట మర్యాద కాదని తగ్గించి చెప్పుదురు. అందుచేత వారి దిగులు ఉన్నదానికంటె ఎక్కువగా లెక్కకు వచ్చెనని నొబొరు ఇవాటా మొదలగువారు చూపిరి. మన పెద్దమ్మలను ‘బాగున్నారా?’ అని అడుగుడు. ‘ఏదో, ఇట్లున్నాము’ అందురు. అది రోగము కాదు. వినయము, దిష్టి భయము. అంకెలకు ఈ సంగతి తెలియదు.

ఇంత జాగ్రత్తతో జపాను వైద్యులు ఏమి తెలిసికొనిరి? తకేడా మొదలగువారు 2006లో ప్రకటించిన పరిశోధనలో 20 మొదలు 49 వరకు వయస్సుగల 1187 మంది స్త్రీలు జవాబు చెప్పిరి. నూటికి 95 మందికి నెలసరికి ముందు ఏదో యొక లక్షణము ఉన్నది. ఒక మోస్తరు మొదలు తీవ్రము వరకు బాధగలవారు నూటికి 5.3, మిక్కిలి తీవ్రమైన వ్యాధిగలవారు నూటికి 1.2. ఈ రెండు తెగల వారిలో చికిత్స పొందినవారు నూటికి 5.3 మాత్రమే. ఈ కడపటి అంకెను చూచి నాకు మనస్సు కలత పడినది. వైద్యులకు, మందులకు కొదువ లేని దేశమున, బాధపడు నూర్గురిలో తొంబదినలుగురు మౌనముగా భరించుచున్నారు. చికిత్స కలదని తెలియదు. తెలిసినను అడుగ నోరురాదు. ఎవరో ఒకరు వారి మాటలో వారిని అడిగినప్పుడే ఆ సంగతి వెలుగులోనికి వచ్చినది.

కాని ప్రశ్నావళిని దైవవాక్యముగా కొనరాదు. జ్ఞాపకము మీద ఆధారపడు జవాబు మోసగించును. 1977లో డయానే రూబులు అను పరిశోధకురాలు అమెరికాలో ఒక పరీక్ష చేసెను. నెలలో ఒకే ఘట్టమున నున్న యువతులలో కొందరికి నెలసరి రేపో ఎల్లుండో రాగలదనియు, కొందరికి ఇంకను చాల దినములున్నవనియు నమ్మించిరి. దగ్గరలో నున్నదని నమ్మినవారు ఒంటి వాపు మొదలగు బాధలను ఎక్కువగా చెప్పిరి. అందుచేతనే పూర్తి నిర్ణయమునకు రెండు నెలల దినచర్య కావలెనని శాస్త్రము విధించినది. ప్రశ్నావళి జల్లెడ మాత్రమే.

జల్లెడ యనగా ఏమో చిన్న లెక్క చెప్పెదను. ఇది ఊహకు వేసిన లెక్క. వేయిమంది స్త్రీలున్నారనుకొందము. నూటికి 1.2 చొప్పున 12 మందికి తీవ్రవ్యాధి కలదు. మన జల్లెడ రోగులలో నూటికి 90 మందిని పట్టును. ఆరోగ్యవంతులలో నూటికి 10 మందిని పొరపాటున పట్టును. అప్పుడు రోగులలో సుమారు 11 మంది, ఆరోగ్యవంతులలో సుమారు 99 మంది చిక్కుదురు. 110 మందిలో నిజమైన రోగులు 11 మంది! మంచి జల్లెడయే ఇట్లున్నప్పుడు, అనువాదపు చిల్లులు పడిన జల్లెడ సంగతి చెప్పవలెనా? కావున కాగితము చూచి ఎవరికిని రోగి యని పేరు పెట్టరాదు. కాగితము చూచి వైద్యుని యొద్దకు పొమ్మని మాత్రము చెప్పవలెను.

ఇక మన సంగతి. మనము వంశపారంపర్యముగా ఈ గడ్డమీద నివసించుచున్నాము. మన పిల్లలు బడిలో ప్రాంతభాష చదివి బాగుగా మాటలాడుదురు. పెద్దవారిలో, ముఖ్యముగా ఇల్లు కదలని స్త్రీలలో, అనేకులకు మనస్సులోని మాట తెలుగుననే వచ్చును. ఆసుపత్రిలో ప్రశ్న ప్రాంతభాషలో నుండును. అప్పుడు నడుమ నిలుచువా రెవరు? కొడుకో, కూతురో, కాదేని తోడు వచ్చిన ఇరుగుపొరుగువారో. నేను ఒకసారి మా వీధి ఇల్లాలికి తోడుగా ఒక ఆసుపత్రికి పోయితిని. పదునారేండ్ల కుమారుడు తల్లి ప్రక్కన నిలిచి వైద్యురాలి ప్రశ్నలను తెలుగు చేయుచుండెను. ఆకలిని గూర్చి, నిద్రను గూర్చి చెప్పెను. నెలసరిని గూర్చిన ప్రశ్న వచ్చినప్పుడు వాడు తల వంచుకొనెను. తల్లి గోడవైపు చూచెను. వైద్యురాలు ఒక నిమిషము ఆగి, ‘ఏమియు లేదు’ అని వ్రాసికొని తరువాతి ప్రశ్నకు పోయెను. తప్పు ఎవరిదియు కాదు. కాని ఆ తల్లి బాధ ఆ దినమున కాగితము మీదికి ఎక్కలేదు.

తెలుగు నాడు నుండి అచ్చయిన కాగితము తెచ్చికొన్నచో చాలుననువారు ఉండవచ్చును. చాలదు. మనలో కొందరు నెలసరి యందురు, కొందరు ముట్టు అందురు, కొందరు బయట చేరుట యందురు. ఒక ఇంట దిగులు, ఒక ఇంట బెంగ. ఇరుగుపొరుగు భాషల మాటలు మన తెలుగులో కలసి పాలునీరువలె నున్నవి. మన తెలుగునకు అదియొక లోపమని నేను తలపను. కాని అక్కడి స్త్రీలచేత పరీక్షింపబడిన ప్రశ్న ఇక్కడి స్త్రీకి అదే యర్థమును ఇచ్చునని పరీక్షింపక నమ్మరాదు. జపాను వారు మనకు నేర్పు పాఠము ఇదియే.

కావున నాదొక మనవి. మన మహిళా విభాగమువారు పదిమంది చేరి, వయస్సులు వేఱుగా, వీధులు వేఱుగా నుండునట్లు చూచి, ఈ బాధలకు మన ఇండ్లలో వాడు మాటలను ఒక పట్టికగా వ్రాయుదురు గాక. అమ్మమ్మ మాట, మనుమరాలి మాట రెండును ఉండవలెను. ఆ పట్టికను మన ఊరి వైద్యులకు ఇచ్చెదము. ప్రశ్నావళిని తయారు చేయుట నిపుణుల పని. మాటలు అందించుట మన పని. ఆసుపత్రికి స్త్రీకి తోడుగా స్త్రీయే పోవునట్లు వంతులు ఏర్పరచుకొనుట రెండవ పని. ప్రతి ఆడపిల్లయు రెండు నెలలు రాత్రిపూట ఒక నోటుబుక్కులో తన శరీర మనస్సుల స్థితిని వ్రాసికొనుట మూడవ పని. దానికి ఖర్చు లేదు. ఎవరి అనుమతియు అక్కరలేదు. వైద్యునికి అంతకంటె మంచి సాక్ష్యము లేదు. ప్రాణము మీద విసుగు కలుగునంత బాధ యున్నచో మాత్రము రెండు నెలలు వేచియుండరాదు. వెంటనే చికిత్సకు పోవలెను.

పెద్దలు ఇట్టి మాటలు సభలో ఏల యని అనుకొనవచ్చును. మాతృభాషను నిలుపుకొనవలెనని మనము పాఠశాలలు పెట్టుచున్నాము, పండుగలు చేయుచున్నాము, ఈ పత్రికను నడుపుచున్నాము. బాధ చెప్పుకొనుటకు పనికిరాని భాష పండుగలకు మాత్రము ఎన్నాళ్లు నిలుచును? మన యింటి స్త్రీ తన నొప్పిని తన మాటలో చెప్పగా, విన్నవారు సరిగా అర్థము చేసికొన్ననాడు మన భాష ఇచ్చట నిజముగా బ్రదికి యున్నట్లు.